నాలుగో గడి

డిగ్రీ కాలేజీల్లో మానవ విలువల పేపరు ఒకటి ఉంది. చాలాచోట్ల దానికి నోట్సు చెబుతారు, పిల్లలు బట్టీపట్టి రాస్తారు, పాసవుతారు. ఆ పేపర్లో ఇంటర్నల్ మార్కులకు వ్యాసం బదులు పటం వేయించాలని ఒక తెలుగు అధ్యాపకురాలి పట్టుదల. కూడదని, ఒకప్పుడు ఆమెకు పాఠం చెప్పిన పొలిటికల్ సైన్స్ మాస్టారి అభ్యంతరం. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. కాకినాడ దగ్గరి ఒక ప్రభుత్వ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో వాళ్ళను కూర్చోబెట్టాను. వాళ్ళ తగువు మాత్రం కల్పన కాదు. పిల్లల్ని నమ్మకాల గురించి అడిగే ప్రతి తరగతి గదిలోనూ అది ఉంది. నా మొగ్గు ఎటో దాచను, ఆమె వైపే. అయితే మాస్టారి అభ్యంతరాలకు జవాబు చెప్పుకోకుండా ఆ పని మొదలుపెట్టకూడదని కూడా అంతే గట్టిగా అనుకుంటున్నాను.

మాస్టారు: సెకండియర్ పిల్లలు వచ్చి అడిగారమ్మా. ఇంట్లో నమ్మకాలు బొమ్మలేసి ఇవ్వాలట, మార్కులున్నాయట, ఏం వెయ్యమంటారు సార్ అని. నువ్వే చెప్పావా?

మేడమ్: నేనే చెప్పాను మాస్టారూ. నిరుడు ఇదే పేపర్లో ‘నా జీవితంలో విలువలు’ అని వ్యాసం రాయమన్నాను. క్లాసు క్లాసంతా ఒకే వ్యాసం రాసింది. నిజాయితీ, క్రమశిక్షణ, పెద్దల పట్ల గౌరవం, చివర్లో గాంధీగారో అబ్దుల్ కలాంగారో. తప్పుల్లేవు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. రాసిన మనిషి మాత్రం ఏ కాగితంలోనూ కనిపించలేదు.

మాస్టారు: కనిపించకపోవడమే మంచిదంటాను. మార్కులు వేసేవాళ్ళ ముందు ఎవరైనా మనసు విప్పుతారా? విప్పకూడదు కూడా. మనం అడగాల్సింది వాళ్ళకేం తెలుసో, ఏం నమ్ముతారో కాదు. రాజ్యాంగం గురించి అడుగు, హక్కుల గురించి అడుగు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం 51ఎ అధికరణలో రాసిన ప్రాథమిక విధి, దాని గురించి అడుగు. మొక్కు తీర్చాలా వద్దా అన్నది వాళ్ళింటి సంగతి.

మేడమ్: నేనూ అది అడగలేదు. చేర్యాల పటం పద్ధతి చెప్పాను. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు వేసే పటాలు మీకు తెలియనివి కావు. ఖాదీ గుడ్డకి గంజి పెట్టి, సుద్దమట్టిలో చింతగింజల అంబలి, బంక కలిపి పూత వేస్తారు. ఎర్రటి నేల మీద కథ పట్టీలు పట్టీలుగా కిందికి దిగుతుంది. కథ చెప్పేవాళ్ళు చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేల్ పురాణం, గౌడులకు గౌడ పురాణం. ఏ కులానికి ఆ కులం తన పుట్టుక కథని కళ్ళారా చూసుకునేది. మన పిల్లలకి గుడ్డా రంగులూ ఎక్కడ తెస్తాం? చార్టు కాగితాన్ని నిలువునా కోసి నాలుగు గళ్ళు గీసుకోమన్నాను. పై మూడు గళ్ళలో ఇంట్లో చెప్పుకునే కథ ఒకటి వెయ్యాలి. మొక్కు కావచ్చు, ఊరొదిలి వచ్చిన వైనం కావచ్చు, శనివారం నీచు ఎందుకు ముట్టరో కావచ్చు. నాలుగో గడి వాళ్ళది. ఆ కథకి వాళ్ళు చేర్చేది.

మాస్టారు: పటం అందంగానే ఉంటుంది. వ్యాసంలో దొరకనిది అందులో దొరుకుతుందని ఏమిటి భరోసా? వ్యాసంలో గాంధీగారిని పెట్టినవాడు బొమ్మలోనూ గాంధీగారినే పెడతాడు.

మేడమ్: ముందు ఒక బ్యాచ్‌తో వేయించి చూశాను, కొందరు పెట్టారు. ఒక కుర్రాడి పటం గురించి చెబుతాను, వినండి. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. మొదటి గడిలో ఫైనాన్స్‌లో కొన్న కొత్త ఆటో. రెండో గడిలో తుని దగ్గర తలుపులమ్మ లోవ, బండికి పూజ, కోడి, కొండ కింద వంట. మూడో గడిలో హైవే మీద లారీ అడ్డం వచ్చి జానెడు తేడాతో ప్రమాదం తప్పిపోవడం. అమ్మవారే కాపాడిందని ఇంట్లో అందరి మాట. నాలుగో గడికి వాడు ముందు వేసుకున్న చిత్తుబొమ్మలో గడి నిండా బ్రేకు పెడల్ ఒక్కటే ఉంది. కాపాడింది ఇదీ అని వాడి ఉద్దేశం. పెడల్ సరిగ్గా కుదరక, పొద్దున్నే నాన్న బండి తీసే వేళకి పక్కన కూర్చుని చూసి రావాల్సి వచ్చింది. అప్పుడు కనిపెట్టాడట. నాన్న బండి తియ్యబోయే ముందు పెడల్ రెండుసార్లు తొక్కి చూస్తాడు. ఆ కాలు పెడల్ మీద ఉండగానే ముందుకు వంగి అద్దం దగ్గరున్న అమ్మవారి ఫోటోకి దణ్ణం పెట్టుకుంటాడు. లోవ వెళ్ళొచ్చిన రోజు నుంచి రెండూ కలిపే చేస్తున్నాడు. వాడు చివరికి ఇచ్చిన పటంలో పెడల్ మీద కాలు ఉంది, ఫోటో వైపు చాచిన చెయ్యి ఉంది, రెండూ ఒకే మనిషివి. కింద రాశాడు, నేను విడదీశాను, మా నాన్న ఎప్పుడూ విడదీయలేదు అని.

మాస్టారు: అంటే వాడు భక్తుడైపోయాడా?

మేడమ్: నాకు తెలియదు, నేను అడగలేదు. అదే కుర్రాణ్ణి వ్యాసం రాయమని ఉంటే ‘మూఢనమ్మకాలు వదలాలి’ అని రెండు పేజీలు రాసేవాడు, నేనూ పదికి తొమ్మిది వేసేదాన్ని. ఏం రాయాలో ముందే తెలుసు కాబట్టి వ్యాసం తెలిసినచోటే మొదలై తెలిసినచోటే ఆగేది. బొమ్మకి చూడటం కావాలి. పెడల్ వెయ్యాలంటే పెడల్ చూడాలి, చూస్తే దాని మీద కాలు కనిపిస్తుంది, కాలు కనిపిస్తే మనిషి కనిపిస్తాడు. వాడు నాన్నతో ఏకీభవించాడో లేదో నాకు అక్కర్లేదు. నాన్నని తీసిపారేయడం అంత తేలిక కాదని వాడికి తెలిసింది. విలువల పేపర్ నుంచి నేను కోరేది అదే.

మాస్టారు: అలాంటి పిల్లవాడు క్లాసుకి ఒకడుంటాడు. బొమ్మ వెయ్యడం రానివాళ్ళ సంగతేమిటి? ఫోను తీసి నాలుగు మాటలు చెబితే క్షణంలో పటం వేసిపెట్టే యాప్‌లు వచ్చాక నీ చార్టు కాగితాన్ని ఎవరు లెక్క చేస్తారు?

మేడమ్: గీతలు వంకర పోయినా ఫర్వాలేదు. పాత పేపర్లలోంచి బొమ్మలు కత్తిరించి అంటించుకోవచ్చు, ముగ్గుచుక్కలతో చెప్పొచ్చు. యాప్ సంగతికొస్తే, పని అంతా క్లాసులోనే, చేత్తోనే. ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది కథ మాత్రమే. వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథ ఏ యాప్‌లోనూ లేదు.

మాస్టారు: సరే, వెయ్యడం వచ్చా రాదా అన్నది పక్కన పెడదాం. నా భయం వేరే. కుల పురాణం గుంపు కథ. గుంపులో కూర్చుని గుంపు కథ వినడంలో ఏ ప్రమాదమూ లేదు. నువ్వు నాలుగో గడి పెట్టి మనిషిని గుంపులోంచి బయటికి పిలుస్తున్నావు. బయటికి వచ్చినవాడికి ఏమవుతుందో ఆలోచించావా? ఎక్కడిదాకానో ఎందుకు, మన కాకినాడ పి.ఆర్. కాలేజీనే చూడు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా చేసిన కాలేజీ అది. బ్రహ్మసమాజీకుడు, విగ్రహారాధన లేదు, కులం పట్టింపు లేదు. ఒక తరం కుర్రాళ్ళు ఆయన్ని చూసి మారారు. అదే కాలేజీలో తర్వాత గోరాగారు బోటనీ చెప్పేవారు. నాస్తికుడైనందుకు 1930లలో ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలోనూ అంతే. పాఠం చెప్పే పెద్దమనిషికే నమ్మకం ఉద్యోగం మీదికి తెచ్చింది. నీ ముందు కూర్చునే పద్దెనిమిదేళ్ళ పిల్లకి మార్కుల మీదికి, హాస్టలు గది మీదికి, పెళ్ళి మీదికి తేదని ఎవరు హామీ ఇస్తారు?

మేడమ్: నేనివ్వలేను. గోరాగారి కథ నన్నూ భయపెడుతుంది. కానీ మాస్టారూ, ఆయన్ని తీసేసిన కాలేజీ తప్పు చేసిందని మీరే మాకు చెప్పారు. ఆ తప్పుకి భయపడి పిల్లలకి ఆలోచించే చోటే లేకుండా చేస్తే, తీసేసినవాళ్ళు అనుకున్నది మనం నెరవేర్చినట్టే కదా?

మాస్టారు: చోటు ఇవ్వొద్దనడం లేదు. మార్కుల్లో ఇవ్వొద్దంటున్నాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఏం చేశాడు? దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతోనే కదా చిత్రకారులైంది. అజంతా చూడమన్నాడు, వెయ్యమన్నాడు, రాయమన్నాడు. ఒక్క మార్కు వేశాడా? ఇష్టమున్నవాళ్ళు వెళ్ళారు, కళ పుట్టింది. నువ్వూ సాయంత్రం పూట ఒక క్లబ్బు పెట్టు. నేనూ వచ్చి కూర్చుంటాను.

మేడమ్: క్లబ్బుకి ఎవరు వస్తారు మాస్టారూ? నాలుగున్నర బస్సు తప్పితే ఇల్లు చేరలేని పిల్ల రాదు. కాలేజీ అయ్యాక మెడికల్ షాపులో నిలబడే కుర్రాడు రాడు. ఇంటికెళ్ళి వంట చెయ్యాల్సిన పిల్ల రాదు. టౌనులో ఇల్లున్నవాళ్ళు, ఇదివరకే బొమ్మలు వచ్చినవాళ్ళు, నలుగురిలో మాట్లాడటానికి జంకనివాళ్ళు వస్తారు. కూల్డ్రే చుట్టూ చేరినవాళ్ళు గొప్పవాళ్ళయ్యారు, నిజమే. ఆ క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నవాళ్ళకి ఏం మిగిలింది? మన కాలేజీలో పిల్లలందరి దగ్గరికీ వెళ్ళేది టైమ్‌టేబుల్లో ఉన్నదొక్కటే. మార్కులున్నదానికే వాళ్ళ ఇళ్ళల్లో టైమిస్తారు. అమ్మా, పాత కథ ఏదైనా చెప్పవే అని ఒక ఆడపిల్ల అడిగితే తర్వాత చూద్దాంలే అంటారు. ఇంటర్నల్ మార్కులున్నాయంటే కూర్చుని చెబుతారు.

మాస్టారు: ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. బస్సు సంగతి నాకూ తెలుసు. పోనీ, ఇది చెప్పు. నాలుగో గడి ఖాళీగా వదిలేసినవాళ్ళు ఉన్నారా?

మేడమ్: ఉన్నారు. ఒకమ్మాయి. పై మూడు గళ్ళూ ఎంత శ్రద్ధగా వేసిందో చెప్పలేను. వాళ్ళ అమ్మమ్మ, వరద వచ్చిన ఏడు, గట్టు మీద రాత్రంతా గడపడం. నీళ్ళ గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా వేసింది. నాలుగో గడిలో స్కేలుతో గీసిన గీతలు తప్ప ఏమీ లేదు.

మాస్టారు: అడిగావా?

మేడమ్: అడగలేదు. మార్కులు మిగతావాళ్ళకి వేసినట్టే వేశాను.

మాస్టారు: అడగకపోవడం మంచి పని. అయితే అది నీ మంచితనం మీద ఆధారపడకూడదు, నియమం కావాలి. ఎందుకో చెబుతాను. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మీకు క్లాసులో చెప్పాను, గుర్తుందా? మూడో పేరా. హిందూమతం కాక వేరే మతం అవలంబించేవాళ్ళు ఎస్సీల కిందికి రారని మొదట రాశారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వెళతారు. ఇప్పుడు మన పల్లెలు గుర్తు తెచ్చుకో. ఆదివారం ప్రార్థనకి వెళ్ళి, సర్టిఫికెట్ మీద హిందూ అని ఉన్న ఇళ్ళు నీకూ నాకూ తెలుసు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లని వరద రాత్రి మీ అమ్మమ్మ ఎవర్ని తలుచుకుంది, నువ్వు ఎవర్ని తలుచుకుంటావు అని బొమ్మలో అడిగామనుకో. నిజం వేస్తే, పక్క బెంచీవాడు ఫోటో తీసి గ్రూపులో పెడితే, ఆ కాగితం ఆమె చదువుకీ రేపటి ఉద్యోగానికీ అడ్డం రావచ్చు. అబద్ధం వేస్తే, విలువల పేపర్లో అబద్ధం నేర్పినవాళ్ళం అవుతాం. ఆమెకి మిగిలిన మర్యాదైన దారి ఖాళీ గడి ఒక్కటే.

మేడమ్: నాకు ఇది తట్టలేదు మాస్టారూ. ఖాళీ గడి చూసి తోచలేదేమో అనుకున్నాను, సిగ్గేమో అనుకున్నాను. అది కూడా ఒక జవాబు కావచ్చని అనుకోలేదు.

మాస్టారు: కేరళలో ముగ్గురు పిల్లల కేసు ఉంది, 1985లో మొదలైంది. యెహోవా సాక్షులు. స్కూల్లో జాతీయగీతానికి లేచి నిలబడేవాళ్ళు, అగౌరవం చెయ్యలేదు, నోరు మాత్రం కదపలేదు. స్కూలు తీసేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కూ ఉందని, 19వ అధికరణా 25వ అధికరణా రెండూ ఆ పిల్లల పక్షాన ఉన్నాయని తీర్పు. రాసినాయన ఓ. చిన్నప్పరెడ్డిగారు, మన తెలుగువాడే. స్కూలు పిల్లలకే ఆ హక్కు ఉంటే, నీ క్లాసులో కూర్చున్న మేజర్లకి ఉండదా? నీ పటంలో మౌనానికి చోటు ఎక్కడ?

మేడమ్: పెడతాను. ఖాళీగా వదిలినా, నల్లగా రంగు పూసినా, మూసేసి ఒక తలుపు వేసినా అది పూర్తయిన పటమే, ఎవరూ సంజాయిషీ అడగరు అని ముందే చెబుతాను. ఇంటి కథే వద్దనుకున్నవాళ్ళు తెలిసిన కథ ఏదైనా తీసుకోవచ్చు. పురాణం కావచ్చు, చరిత్ర కావచ్చు. కారణం చెప్పక్కర్లేదు. అయితే మాస్టారూ, మీరు చెప్పిన ప్రమాదమే నన్ను వ్యాసం నుంచి మరింత దూరం తీసుకెళుతోంది. వ్యాసం ‘నేను నమ్ముతాను’ అని సంతకం పెట్టిస్తుంది. కళ అలా పట్టుకోదు. జాషువా ‘గబ్బిలం’ 1941 నాటిది. క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి. తన కావ్యంలోని అంటరాని మనిషికి గుడి తలుపు తెరుచుకోదు కాబట్టి, ఏ అడ్డూ లేకుండా గుళ్ళోకి ఎగిరిపోగల గబ్బిలాన్ని పిలిచి, కాశీలో ఉన్న శివుడికి చెప్పమని ఆ మనిషి గోడు దాని చెవిన వేశాడు. ఆ కావ్యం చదివి, జాషువా శివుణ్ణి నమ్మాడా, నిలదీశాడా, రెండూనా అని ఇప్పటికీ ఒక్క మాటలో తేల్చలేం. తేలకపోవడంలోనే దాని బలం ఉంది. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి, రాముడి పాత్ర అనలేని మాటలన్నీ అనేస్తారు. తెర వెనక గొంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు, అయినా అన్నది బొమ్మే. ఆ అవకాశం మన పిల్లలకెందుకు ఇవ్వకూడదు? నాలుగో గడిలో ‘నేను’ ఉండక్కర్లేదు. గట్టు మీద కుక్క చూసినట్టు వెయ్యొచ్చు, గబ్బిలం చూసినట్టు వెయ్యొచ్చు. ఎవరి మాటో చెప్పకుండా మాట చెప్పడం కళకి మొదటినుంచీ వచ్చు.

మాస్టారు: ఆ ముసుగు నాకు నచ్చింది. పౌరుడికి రహస్య బ్యాలెట్ ఎంత అవసరమో ఆలోచించే మనిషికి అదీ అంతే అవసరం. కానీ జాషువాకి ఇంటర్నల్ మార్కులు ఎవరూ వెయ్యలేదమ్మా. మళ్ళీ అక్కడికే వస్తున్నాను. దేనికి వేస్తావు మార్కు?

మేడమ్: ఇకమీదట మార్పుకి వేద్దామనుకున్నాను. చిత్తుబొమ్మకీ చివరి బొమ్మకీ మధ్య ఆలోచన ఎంత కదిలిందో చూసి.

మాస్టారు: అది అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఒక్క సెమిస్టర్లో కిటుకు పట్టేస్తారు. మొదటి కాగితంలో కావాలని మూఢనమ్మకం, రెండోదాంట్లో జ్ఞానోదయం. నీకు ఏ రంగు జ్ఞానోదయం ఇష్టమో సీనియర్లు జూనియర్లకు చెబుతారు. చిన్నప్పటి నుంచి నమ్మినదాన్నే ఆలోచించి మళ్ళీ నమ్మిన పిల్ల నీ లెక్కలో కదలనిది అవుతుంది. నువ్వు కోరుకున్న వైపు కదిలినవాడికి పది, కదలనివాడికి ఐదు. ఇది మత ప్రచారం కాకపోవచ్చు, ఆ పని చేసే పద్ధతి మాత్రం ఇదే. 28వ అధికరణ ప్రభుత్వ విద్యాసంస్థలో మతబోధ కూడదంది. మతాల గురించి చదువుకోవడం వేరు, మతబోధ వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నువ్వు చదువు వైపే ఉన్నావని నాకు తెలుసు. మార్కుల పుస్తకం మాత్రం నిన్ను రెండోవైపు లాగుతుంది.

మేడమ్: ఒప్పుకుంటున్నాను. అయితే ఇలా చేస్తాను. పదిలో నాలుగు మార్కులు కథ సేకరించినందుకు. ఎవర్ని అడిగారు, ఇంకొకర్ని అడిగితే అదే కథని వేరేగా చెప్పారా, ఆ తేడా రాసుకున్నారా అన్నది చూస్తాను. నాలుగు మార్కులు పై మూడు గళ్ళకి. కథ తెలియనివాళ్ళకి కూడా బొమ్మ చూస్తే అర్థమవుతుందా, ఏది పెద్దగా వెయ్యాలి ఏది చిన్నగా వెయ్యాలి అన్నది ఆలోచించారా అని. రెండు మార్కులు తోటివాళ్ళ పటం చూసి వాళ్ళని నొప్పించకుండా ఒక మంచి ప్రశ్న అడిగినందుకు. పదీ అయిపోయాయి.

మాస్టారు: నాలుగో గడికి?

మేడమ్: మార్కు లేదు. సున్నా కూడా వెయ్యను. అక్కడ నా ఎర్ర పెన్ను పెట్టను.

మాస్టారు: మార్కు లేనిదాన్ని ఎవరు వేస్తారు? మన పిల్లలు నీకు తెలియదా?

మేడమ్: తెలుసు కాబట్టే. కూల్డ్రే దగ్గర మార్కులు లేవు, అందుకే అక్కడ చేసింది వాళ్ళ సొంతమైంది అన్నారు మీరు. మార్కులు లేకపోతే చివరి బెంచీ రాదన్నాను నేను. రెండూ నిజమే. మార్కులున్న కాగితం అందరి చేతికీ వెళుతుంది. ఆ కాగితం మీదే మార్కు లేని గడి ఒకటి ఉంటుంది. మూడు గళ్ళు వేసేసరికి చెయ్యి వేడెక్కి ఉంటుంది, కథ కళ్ళ ముందు ఉంటుంది, పక్కనే ఖాళీ చోటు ఉంటుంది. దాన్ని చూస్తూ కూర్చున్న పిల్ల ఏమీ వెయ్యకపోయినా సరే, ఇక్కడ నేనేం వేస్తాను అని ఒక్కసారైనా అనుకుంటుంది. మూడేళ్ళ డిగ్రీలో ఆ ప్రశ్న వాళ్ళని ఇంకెవరూ అడగడం లేదు. కోరికలు అడుగుతాం, కెరీర్ అడుగుతాం, బలాలూ బలహీనతలూ అని ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టిస్తాం.

మాస్టారు: ఇది నేను అనుకున్నదానికంటే మంచి జవాబు. ఇంకో రెండు షరతులు. కాలేజీ డే రోజున ఈ పటాలు హాల్లో వేలాడదీయకూడదు. ప్రిన్సిపాల్ అడిగినా, తనిఖీకి న్యాక్ టీమ్ వచ్చినా సరే.

మేడమ్: ఒప్పుకున్నాను. మార్కులు ఎక్కించగానే పటం వేసినవాళ్ళకే తిరిగి ఇచ్చేస్తాను. ఫోటో తియ్యను, ఫైల్లో పెట్టను. సాక్ష్యం కావాలంటే కథ సేకరించిన కాగితాలు, అవీ పేర్లు తీసేసి. తోటివాళ్ళకి చూపించేది కూడా పై మూడు గళ్ళే. నాలుగోది మడిచిపెట్టుకోవచ్చు.

మాస్టారు: రెండోది, నువ్వు వెయ్యకూడదు. ముందు నేను వేసి చూపిస్తాను, మీరూ వెయ్యండి అని చాలామంది మంచి టీచర్లు మొదలుపెడతారు. నువ్వు దీపం వేస్తే క్లాసులో నలభై దీపాలు వస్తాయి. నువ్వు విరిగిన దీపం వేస్తే నలభై విరిగిన దీపాలు వస్తాయి.

మేడమ్: దీంతో సగమే ఏకీభవిస్తాను. పిల్లల్ని దిగమన్న నీళ్ళలోకి నేను దిగకుండా గట్టు మీద నిలబడటం నాకు కుదరదు. ముందు వెయ్యను. మార్కులు ఎక్కించి, పటాలు తిరిగి ఇచ్చేశాక, చివరి క్లాసులో నాదీ వేసి తీసుకెళతాను. అప్పటికి నన్ను మెప్పించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. వాళ్ళు నన్నూ ప్రశ్న అడగొచ్చు.

మాస్టారు: ఆ క్రమం బాగుంది. అయినా మూలంలో నేను మారలేదమ్మా. కాలేజీ పిల్లల నమ్మకాలను తాకకుండా ఉండటమే క్షేమం.

మేడమ్: తాకకుండా ఉన్న కాలేజీ ఎక్కడుంది మాస్టారూ? దసరాకి ల్యాబులో ఆయుధపూజ చేసి కొబ్బరికాయ కొడుతున్నాం. ఏ ఫంక్షన్ అయినా జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం. కొత్త కంప్యూటర్ వస్తే దానికి బొట్టు. డిసెంబరులో హాస్టలు పిల్లలు స్టారు కట్టుకుంటామంటే మాత్రం పర్మిషన్ లెటర్ కావాలంటున్నాం. హిజాబ్ వేసుకొచ్చిన పిల్లని ఫోటోలో వెనక నిలబెడుతున్నాం. ఏమీ నమ్మని కుర్రాడు అందరితో పాటు కళ్ళు మూసుకుని నిలబడుతున్నాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ నమ్మకాలను తాకుతూనే ఉన్నాం. మీకెలా ఉందని మాత్రం ఎవరినీ అడగలేదు. నా పటం కొత్తగా తాకడం లేదు. ఇన్నాళ్ళూ మన వైపు నుంచే సాగినదానికి వాళ్ళ వైపు నుంచి ఒక జవాబు చెప్పే చోటు ఇస్తోంది. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకుండా ఉండే చోటు కూడా ఇస్తోంది.

మాస్టారు: ఆయుధపూజ మాట నిజమే. నేనూ ప్రతి ఏడూ ప్రసాదం తీసుకుని ఊరుకున్నవాణ్ణే. సరే, ఈ షరతులన్నిటితో చేస్తే నేను అడ్డుపడను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నా అభ్యంతరం మినిట్స్‌లో రాయించు. రేపు నీ చోటికి ఇంకొకరు వస్తారు. వాళ్ళకి నీ ఓపిక ఉండకపోవచ్చు, ఖాళీ గడికి సున్నా వెయ్యొచ్చు. అప్పుడు ఆ కాగితం అక్కరకొస్తుంది.

మేడమ్: రాయిస్తాను మాస్టారూ. అది ఫైల్లో ఉండిపోకూడదు. పటం మొదలుపెట్టే రోజున పిల్లలకి చదివి వినిపిస్తాను. ఈ పని చెయ్యమంటున్నది నేను, చెయ్యనక్కర్లేదని వాదించింది మీకు రాజ్యాంగం చెప్పే మాస్టారు, ఆయన చెప్పాకే మీరు ఖాళీగా వదిలే హక్కు ఇందులో చేరింది అని చెబుతాను. నమ్మకాలు కలవని ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు విని, ఎవరి నమ్మకం వాళ్ళు వదులుకోకుండానే ఒక పని చక్కబెట్టుకోవచ్చని వాళ్ళు ముందు మన దగ్గర చూడాలి. పటం ఆ తర్వాత.